గుంట గట్టు నుంచి గాలిలో వచ్చే వాన లెక్క

మా మామకు నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇసకపల్లి వైపు రెండు రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీద ఇనుప పైపు పాతి దానికి ఒక చిన్న వాతావరణ స్టేషన్ బిగించాడు. గాలికి తిరిగే మూడు గిన్నెలు, దిక్కు చూపే తోక, వాన పట్టే గరాటు, ఎండ సూటిగా తగలకుండా తెల్ల ప్లేట్ల మధ్య ఉష్ణోగ్రతనీ తేమనీ కొలిచే సెన్సర్. ఇవన్నీ బయట ఉంటాయి. అంకెలు చూపించే డిస్‌ప్లే పెట్టె మాత్రం కాపలా షెడ్డులో ఉండేది. కార్తీకంలో ఒక సాయంత్రం ఆ పెట్టెను చేత్తో పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే కాలు జారింది. మామ నిలదొక్కుకున్నాడు గానీ పెట్టె గుంటలో పడింది. ఉప్పునీళ్లు పోయిన పెట్టె మళ్లీ వెలగలేదు.

"ఇంక పైన ఉన్నది మాత్రం దేనికి అల్లుడూ, పీకేద్దామా?" అన్నాడు.

వద్దన్నాను. పైపు మీది సెన్సర్‌కు కింద పెట్టె పోయిందన్న సంగతే తెలియదు. అది ఎప్పటిలాగే గిన్నెల లెక్క, వాన లెక్క గాలిలోకి పంపుతూనే ఉంది. వినే చెవి ఒకటి పెడితే చాలు. ఆ చెవి పేరు సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో. పెన్‌డ్రైవ్ అంత ఉండే డాంగిల్ అది, కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. దాన్ని ఎలా తగిలించాలో రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. కానీ అంకె గాలిలోంచి తెర మీదకు ఏయే మెట్లు దిగి వస్తుందో తెలియకపోతే, ఆ అంకెను ఎప్పుడు నమ్మాలో ఎప్పుడు నమ్మకూడదో తెలియదు. రొయ్యల రైతుకు అది చిన్న విషయం కాదు.

ఎందుకో లెక్క వేసి చూడండి. ఒక ఎకరా గుంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2 లక్షల లీటర్ల మంచినీళ్లు చేరినట్టు. మంచినీళ్లు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైన పొరలా నిలుస్తాయి. ఉప్పుశాతం తగ్గుతుంది, పీహెచ్ పడిపోతుంది, మబ్బు పట్టి ఉంటే నీటిలోని నాచు ఆక్సిజన్ సరిగా తయారు చేయదు, తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు వేయాలి, మేత ఎంత తగ్గించాలి, సున్నం ఎంత చల్లాలి అన్నవన్నీ ఎంత వాన పడిందన్న దాని మీదే ఆధారపడతాయి. మెట్ట రైతుకు "ఒక పదును పడింది" అంటే సరిపోతుంది. రొయ్యకు సరిపోదు. పైగా మా జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలతోనే వస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మా తీరం వెంబడే పైకి పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున మండలం మొత్తానికి ఇచ్చే లెక్క ఒకటి, మన గుంట మీద పడింది ఇంకొకటి.

టముకు వేసి పోయేవాడు

వెనక పల్లెల్లో టముకు వేసేవాడు వీధి మొగదల నిలబడి డప్పు కొట్టి, చెప్పాల్సింది చెప్పి, పక్క వీధికి పోయేవాడు. ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అని ఆగి చూసేవాడు కాదు. పైపు మీది సెన్సర్ కూడా అంతే. దానికి పంపడమే వచ్చు, వినడం రాదు. రెండు పెన్సిల్ సెల్స్‌తో ఏడాదికి పైగా బతకాలి కాబట్టి ఎక్కువ సేపు నిద్రలోనే ఉంటుంది. లేస్తుంది, కొలుస్తుంది, గబగబా పంపేస్తుంది, మళ్లీ పడుకుంటుంది.

ఫైన్ ఆఫ్‌సెట్ అనే తయారీదారు డబ్ల్యూహెచ్ 1080 రకం స్టేషన్ ఇక్కడ ఉదాహరణకు బాగా పనికొస్తుంది. ఎన్నో పేర్లతో దేశదేశాల్లో అమ్ముడుపోయింది, దాని భాషను ఔత్సాహికులు పూర్తిగా విప్పి పెట్టారు. అది 48 సెకన్లకు ఒకసారి సందేశం పంపుతుంది. ఒక్కో సందేశానికి పావు సెకను కూడా పట్టదు.

పంపేది 433.92 మెగాహెర్ట్జ్ మీద. ఇదే తరహా స్టేషన్లను కొన్ని దేశాల్లో 868 మీద, అమెరికాలో 915 మీద అమ్ముతారు. మన దేశంలో 433 నుంచి 434 వరకు, 865 నుంచి 868 వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్స్ అక్కర్లేదు. కొనేటప్పుడు ఇది ఒక్కటి చూసుకోండి. విదేశంలో ఉన్న బంధువు తెచ్చిన 915 మెగాహెర్ట్జ్ స్టేషన్ అక్కడి లెక్కకు సరైనదే గానీ ఇక్కడ ఆ ఫ్రీక్వెన్సీకి ఈ వెసులుబాటు లేదు.

సెన్సర్ మాట్లాడే పద్ధతి కూడా డప్పు లాంటిదే. స్వరం మార్చదు, పాట పాడదు. సిగ్నల్ ఉండటం, లేకపోవడం, ఈ రెండే. డబ్ల్యూహెచ్ 1080 లో దాదాపు అర మిల్లీసెకను దెబ్బ కొడితే 1 అని, ఒకటిన్నర మిల్లీసెకన్ల దెబ్బ కొడితే 0 అని అర్థం. దెబ్బకూ దెబ్బకూ మధ్య సుమారు ఒక మిల్లీసెకను విరామం. పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ, అంతకుమించి అక్షరమాల లేదు. కొన్ని కొత్త స్టేషన్లు సిగ్నల్‌ను ఆపకుండా ఫ్రీక్వెన్సీని కొంచెం అటూ ఇటూ జరిపి 1, 0 చెబుతాయి. వినేవైపు లెక్క మారుతుంది గానీ విషయం అదే.

టీవీ కోసం చేసిన చెవి

ఇప్పుడు వినడం సంగతి. పాత ట్రాన్సిస్టర్ రేడియోలో ఒక్కో పనికి ఒక్కో భాగం ఉండేది. స్టేషన్ ఎంచుకోవడానికి తీగచుట్ట, మాటను విడదీయడానికి డయోడ్, పెంచడానికి యాంప్లిఫయర్. ఆ పెట్టె ఆ పనికే పుట్టింది, వేరే పని నేర్పలేం. సాఫ్ట్‌వేర్ రేడియోలో పరికరం చేసేది చాలా తక్కువ. ఆకాశంలోంచి ఒక ముక్క ఫ్రీక్వెన్సీని కోసి కిందికి దించి అంకెలుగా మార్చి యూఎస్‌బీ లోంచి కంప్యూటర్‌కు పోస్తుంది. మిగతాదంతా ప్రోగ్రాం పని. ప్రోగ్రాం మారిస్తే అదే డాంగిల్ ఎఫ్‌ఎం రేడియో అవుతుంది, విమానాల జాడ చూపిస్తుంది, రష్యా మెటియోర్ ఉపగ్రహాల నుంచి మబ్బుల ఫోటోలు దించుతుంది.

ఇది ఇంత చవకగా దొరకడానికి కారణం టీవీ. రియల్‌టెక్ వాళ్ల ఆర్‌టీఎల్ 2832యూ అనే చిప్‌తో కంప్యూటర్‌లో డిజిటల్ టీవీ చూసే డాంగిళ్లు లక్షల్లో తయారయ్యేవి. అదే చిప్ ఎఫ్‌ఎం రేడియో వినిపించేటప్పుడు లెక్కలేవీ చేయకుండా పచ్చి శాంపిళ్లనే, అంటే క్షణక్షణానికీ సిగ్నల్‌ను కొలిచిన అంకెలనే, కంప్యూటర్‌కు పంపుతోందని ఫిన్లండ్‌కు చెందిన ఆంటీ పాలొసారి గమనించాడు. 2012లో ఆస్మోకామ్ బృందం ఆ దారిని వాడుకుని ఏ ఫ్రీక్వెన్సీ అయినా వినేలా సాఫ్ట్‌వేర్ రాసింది. ఆర్820టీ ట్యూనర్ ఉన్న డాంగిల్ సుమారు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. 433.92 అందులో హాయిగా ఇముడుతుంది.

డాంగిల్ ఇచ్చే ప్రతి శాంపిల్‌లో రెండు అంకెలుంటాయి. వీటిని ఐ, క్యూ అంటారు. రెండెందుకు? ఊగుతున్న ఉయ్యాలను ఒక్క ఫోటో తీశారనుకోండి. ఉయ్యాల ఎక్కడుందో తెలుస్తుంది గానీ ముందుకు పోతోందా వెనక్కు వస్తోందా తెలియదు. పావు ఊపు తేడాతో ఇంకో ఫోటో తీస్తే రెండూ తెలుస్తాయి, ఎంత గట్టిగా ఊగుతోందో కూడా తెలుస్తుంది. ఐ, క్యూ ఆ రెండు ఫోటోలు. మన పొట్టి పొడుగు దెబ్బలకు గట్టిదనం ఒక్కటి తెలిస్తే చాలు. ఫ్రీక్వెన్సీ జరిపే రకానికి ఊపు ఏ వైపు తిరుగుతోందో కూడా కావాలి.

వాతావరణ స్టేషన్లకు ఎక్కువ మంది వాడే ప్రోగ్రాం ఆర్‌టీఎల్ 433. బెంజమిన్ లార్సన్ మొదలుపెట్టాడు, తరవాత ఎందరో చేతులు వేశారు. ఉచితం, రెండు వందలకు పైగా రకాల సెన్సర్ల భాషలు దానికి వచ్చు. మామూలుగా అది డాంగిల్‌ను 433.92 మీద పెట్టి సెకనుకు 2,50,000 శాంపిళ్లు తీసుకుంటుంది. అర మిల్లీసెకను దెబ్బ ఒక్కటి 125 శాంపిళ్ల పొడవుంటుందన్న మాట. పొట్టికీ పొడుగుకీ తేడా పట్టడానికి అది ధారాళం.

ఇక్కడ ఒక లెక్క నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. శాంపిల్‌కు రెండు బైట్లు (ఒక బైటు అంటే ఎనిమిది 1, 0 లు) కాబట్టి సెకనుకు 5 లక్షల బైట్లు వస్తాయి. 48 సెకన్లకు 2 కోట్ల 40 లక్షలు. అందులో మనకు పనికొచ్చే సందేశం ముందుమాటతో కలిపి 11 బైట్లు. మిగతాదంతా రొద. ఆ రొదలోంచి 11 బైట్లను కొన్ని వేల రూపాయల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు అలుపు లేకుండా రోజంతా ఏరుతుంది.

ఎనభై బిట్లలో ఏముంది

మొదట ఎనిమిది 1 లు వస్తాయి. "వస్తున్నా, వినండి" అన్న డప్పు అది. ఆ తరవాత 80 బిట్లు, అంటే 80 ఒకట్లూ సున్నాలూ. వరసగా చెబితే మొదటి 4 బిట్లు ఇది ఏ రకం సందేశమో చెబుతాయి, తరవాతి 8 సెన్సర్ గుర్తింపు సంఖ్య, ఆపైన 12 ఉష్ణోగ్రత, 8 తేమ, 8 సగటు గాలి వేగం, 8 ఈదురు గాలి వేగం, మధ్యలో 4 వదిలేస్తే 12 వాన, 4 బ్యాటరీ సంగతి, 4 గాలి దిక్కు, చివరి 8 సరిచూసుకునే బిట్లు.

ఉష్ణోగ్రత 12 బిట్లు 0010 1101 0101 అని వచ్చాయనుకుందాం. మామూలు లెక్కలో అది 725. ఆ సంఖ్యలోంచి 400 తీసేసి పదో వంతు చేయాలి. 325 లో పదో వంతు, అంటే 32.5 డిగ్రీలు. 400 ఎందుకు తీసేయాలంటే సున్నాకు దిగువ ఉష్ణోగ్రతలు కూడా మైనస్ గుర్తు లేకుండా పంపడానికి. మైనస్ 40 నుంచి మొదలుపెట్టి డిగ్రీలో పదో వంతు చొప్పున లెక్కపెడుతుంది. నెల్లూరులో ఆ దిగువ భాగం ఏ రోజూ అక్కరకు రాదు గానీ ఈ పెట్టె మంచు దేశాల్లోనూ అమ్ముడుపోవాలి కదా.

గాలి బిట్లు 30 అని చెబితే దాన్ని 0.34 తో గుణించాలి. సెకనుకు 10.2 మీటర్లు, అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్లు. దిక్కుకు నాలుగే బిట్లు కాబట్టి పదహారు దిక్కులు, ఒక్కోటి 22.5 డిగ్రీల ఎడం. ఉత్తరం 0, తూర్పు 4, దక్షిణం 8, పడమర 12.

ఇవన్నీ ఆర్‌టీఎల్ 433 తనంతట తానే చేసి పెడుతుంది, చేత్తో ఎవరూ లెక్క వేయక్కర్లేదు. కానీ ఒక్కసారి కాగితం మీద వేసి చూడమంటాను. నేను అలా వేసినప్పుడే వాన బిట్ల గొప్పతనం తెలిసింది. దాని గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి.

వాన కౌంటరు

గరాటు కింద త్రాసులాంటి చిన్న రెండరల తొట్టె ఉంటుంది. ఒక అర నిండగానే బరువుకు ఒరిగి నీళ్లు వదిలేస్తుంది, రెండో అర గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ తొట్టెకు అంటించిన అయస్కాంతం ఒక స్విచ్ ముందు నుంచి పోతుంది, కౌంటరు ఒకటి పెరుగుతుంది. డబ్ల్యూహెచ్ 1080 లో ఒక్కో లెక్క 0.3 మిల్లీమీటర్ల వానకు సమానం.

సెన్సర్ పంపేది "ఈ 48 సెకన్లలో ఇంత పడింది" అని కాదు. "నేను పుట్టినప్పటి నుంచి మొత్తం ఇన్నిసార్లు ఒరిగాను" అని. కరెంటు మీటర్ లాంటిది. మీటర్ రీడర్ రెండు నెలలు రాకపోయినా యూనిట్లు ఎక్కడికీ పోవు, వచ్చినప్పుడు పాత రీడింగ్ తీసేస్తే సరి. టముకు వేసేవాడు ఎవరు విన్నారో చూసుకోడని అన్నాను కదా. చూసుకోనివాడు ప్రతిసారీ మొత్తం కథ చెప్పాలి, లేకపోతే ఒక్కసారి వినని వాడికి శాశ్వతంగా లెక్క తప్పుతుంది. ఆ 12 బిట్ల కౌంటరు అందుకే ఉంది.

ఒక రాత్రి ఇంటి దగ్గర కరెంటు పోయి డాంగిల్ నలభై నిమిషాలు మూగబోయింది. పోక ముందు చివరి రీడింగ్ 2150. కరెంటు వచ్చాక మొదటి రీడింగ్ 2290. తేడా 140, దాన్ని 0.3 తో గుణిస్తే 42 మిల్లీమీటర్లు. మధ్యలో రావాల్సిన సందేశాలు యాభై దాకా పోయాయి, వాన లెక్క ఒక్క మిల్లీమీటరు కూడా పోలేదు. ఆ 42 ఏ నిమిషంలో ఎంత పడిందో మాత్రం తెలియదు. గాలి వేగానికి ఈ భాగ్యం లేదు. పోయిన సందేశంలోని ఈదురు గాలి పోయినట్టే.

ఈ కౌంటరుతో రెండు చిక్కులున్నాయి. 12 బిట్లలో 4095 కు మించి పట్టదు. దాని తరవాత మళ్లీ సున్నా. మిల్లీమీటర్లలో 1228.8 కు ఒకసారి. మా జిల్లాలో ఇంచుమించు ఏడాది వాన. ఎప్పుడో ఒక నడి వానలో లెక్క ఒక్కసారిగా సున్నాకు దిగుతుంది, మీ పట్టిక వానను మైనస్‌లో చూపిస్తుంది. అప్పుడు తేడాకు 4096 కలిపితే సరిపోతుంది. రెండో చిక్కు సెల్స్ మార్చినప్పుడు. చాలా సెన్సర్లు కొత్త సెల్స్ వేయగానే కౌంటరును సున్నా నుంచి మొదలుపెడతాయి, గుర్తింపు సంఖ్యను కూడా మార్చుకుంటాయి. పాత సంఖ్య కోసమే చూస్తున్న ప్రోగ్రాంకు సెన్సర్ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మామ సెల్స్ మార్చిన రోజు ఫోన్ చేసి "అల్లుడూ, సెల్స్ వేశాక ఇది అసలుకే పోయింది" అన్నాడు. పోలేదు. పేరు మార్చుకుంది, అంతే. వానలు మొదలుకాక ముందే, ఆశ్వయుజంలోనే సెల్స్ మార్చేయడం ఇప్పుడు మాకు అలవాటు.

చిట్టా కింద మొత్తం

గాలిలో ఎన్నో శబ్దాలు కలుస్తాయి. 433 మీద కారు తాళాల రిమోట్లు, వైర్‌లెస్ కాలింగ్ బెల్లులు, గేటు రిమోట్లు, కొన్ని కార్ల టైర్లలోని గాలి సెన్సర్లు అన్నీ అరుస్తుంటాయి. ఎవరూ ఎవరి వంతు కోసం ఆగరు. రెండు దెబ్బలు కలిసిపోతే 1 కాస్తా 0 అవుతుంది, 32 డిగ్రీలు కాస్తా 19 అవుతుంది. మరి వచ్చింది సరైనదో కాదో ఎలా తెలుసు?

కిరాణా కొట్టు చిట్టాలో సరుకుల ధరల కింద మొత్తం వేసి ఉంటుంది. మధ్యలో ఏదో అంకె చెరిగి తప్పుగా చదివితే మొత్తం కుదరదు, తప్పు దొరికిపోతుంది. చివరి 8 బిట్లు ఆ మొత్తం లాంటివి. దాన్ని సీఆర్‌సీ అంటారు. ఉత్త కూడిక కాదు, అంకెలు తారుమారైనా పట్టుకునే తరహా భాగహారం. వచ్చిన బిట్ల మీద ప్రోగ్రాం అదే భాగహారం చేసి, శేషం కుదరకపోతే సందేశాన్ని పారేస్తుంది. 8 బిట్లే కాబట్టి పిచ్చి రొద కూడా 256 లో ఒకసారి అదృష్టవశాత్తు కుదిరిపోవచ్చు. అందుకే ఒక్క సందేశాన్ని చూసి హడావిడి పడకూడదు. నాలుగైదు వరసగా ఒకే మాట చెబితే అప్పుడు నమ్మాలి.

చవక రకం ఉష్ణోగ్రత సెన్సర్లు కొన్నింటికి ఈ మొత్తం కూడా ఉండదు. నెక్సస్ అనే తరహా సెన్సర్ 36 బిట్ల సందేశాన్ని వరసగా 12 సార్లు పంపుతుంది. అన్నిసార్లు ఒకే మాట వస్తే నిజమే అయ్యుండాలి అన్న ధీమా. అది చాలదని నా అభిప్రాయం. ఏరియేటర్ వేయాలా వద్దా అని నిర్ణయించే చోట సీఆర్‌సీ లేని సెన్సర్ పెట్టవద్దు.

పక్కవాళ్ల స్టేషన్ సందేశాలు కూడా తెర మీద కనిపిస్తాయి. వాటికి తాళం ఉండదు. గుర్తింపు సంఖ్యతో మనదేదో వేరు చేసుకుని మిగతావి వదిలేయాలి. ఇదే డాంగిల్‌కు ఇంకా ఎన్నో వినిపిస్తాయి గనక చెబుతున్నాను, ఇతరుల సంభాషణల జోలికి పోవద్దు. అది తప్పు, చట్టానికీ ఒప్పు కాదు.

శ్లాబు అడ్డం, వాన కాదు

ఎక్కువ మంది అడిగేది, వానలో సిగ్నల్ పోదా అని. భోరున వాన పడితే డిష్ మీద టీవీ బొమ్మ పోవడం అందరూ చూసిందే కాబట్టి ఆ టెన్షన్ సహజం. డిష్‌కు వచ్చేది 12 వేల మెగాహెర్ట్జ్ ప్రాంతంలో. దాని అల పొడవు రెండున్నర సెంటీమీటర్లు. కొన్ని మిల్లీమీటర్ల వాన చినుకులు కోట్ల సంఖ్యలో దారిలో ఉంటే ఆ పొట్టి అల వాటిలో చెదిరి అరిగిపోతుంది. 433.92 అల పొడవు 69 సెంటీమీటర్లు. దానికి చినుకు లెక్కలోది కాదు. శ్రీహరికోటలోని డాప్లర్ రాడార్ సుమారు 10 సెంటీమీటర్ల అలతో పని చేస్తుంది. ఒక వానను దాటి దాని వెనక ఉన్న వానను కూడా చూడగలిగేంత పొడవు, చినుకుల నుంచి కొంత తిరిగి వచ్చేంత పొట్టి.

మన సిగ్నల్‌ను చంపేది శ్లాబు. ఇనుప కడ్డీలు జానెడు ఎడంతో జల్లెడలా అల్లి ఉంటాయి. 69 సెంటీమీటర్ల అల ఆ కంతల్లోంచి సులువుగా దూరలేదు. డబ్బా మీద "100 మీటర్లు" అని రాసి ఉంటే అది మధ్యలో అడ్డం లేని మైదానంలో. మామ ఇల్లు గుంటకు పావు కిలోమీటరు దూరం. డాంగిల్‌ను ముందు గదిలో టీవీ పక్కన పెడితే ఒక్క సందేశం రాలేదు. మిద్దె మీదకు చేర్చి, అల పొడవులో పావు వంతు, అంటే 17.3 సెంటీమీటర్ల రాగి తీగను నిలువుగా నిలబెట్టి, కింద నాలుగు వైపులా అంతే పొడవు తీగలు చాపితే మొదటి గంటలోనే వచ్చాయి. మధ్యలో ఉన్నది నీళ్లు, గట్లు మాత్రమే కావడం మాకు కలిసొచ్చింది. తీగ నిలువుగానే ఎందుకంటే సెన్సర్‌లోని యాంటెన్నా నిలువుగా ఉంది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే సిగ్నల్‌లో చాలా భాగం వృథా.

డాంగిల్‌ను కంప్యూటర్‌కు నేరుగా గుచ్చకుండా మీటరు పొడవు యూఎస్‌బీ కేబుల్‌తో దూరంగా ఉంచండి. కంప్యూటర్, చార్జర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు అన్నీ రొద చేస్తాయి. అలాగని సెన్సర్ పక్కనే పెట్టడమూ తప్పే. డాంగిల్‌ది 8 బిట్ల చెవి, మరీ దగ్గర అరుపు వింటే దిమ్మెరపోతుంది, దెబ్బలన్నీ ఒకటిగా కలిసిపోతాయి. గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే పాళ్లు, తగ్గిస్తే సర్దుకుంటుంది.

మాట సరే, కొలత సరేనా

సీఆర్‌సీ కుదిరింది అంటే పంపిన మాట చెడకుండా వచ్చిందని మాత్రమే అర్థం. పంపిన మాట నిజమని కాదు. రేడియో వైపు అంతా దిద్దుకున్నాక నాకు అసలు పని ఇక్కడ మొదలైంది.

గాలి తోక సంగతే చూడండి. దానికి ఉత్తరం ఏదో తెలియదు. బిగించినవాడు ఉత్తరం అనుకున్న వైపే దానికి ఉత్తరం. ఈశాన్య రుతుపవనాల్లో సముద్రం మీది నుంచి గాలి కొడుతుంటే మా తెర మీద రోజూ ఆగ్నేయం అని వచ్చేది. ఒక్క బిట్ కూడా చెడకుండా, రోజుకు 1800 సార్లు అదే అబద్ధం. పైపు ఎక్కి తోక పెట్టెను సరైన ఉత్తరానికి తిప్పాక గానీ ఈశాన్యం రాలేదు. గాలి వేగం కూడా అంతే. వాతావరణ శాఖ కొలత 10 మీటర్ల ఎత్తున ఉంటుంది. మా పైపు రెండు నిలువులు లేదు. మనది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, రెంటినీ పోల్చకూడదు. ఇక ఎండాకాలం మధ్యాహ్నం గాలి ఆడని వేళ తెల్ల ప్లేట్ల మధ్య వేడి చిక్కుకుని ఉష్ణోగ్రత అసలు కంటే ఎక్కువే పడుతుంది.

వానను పోల్చాలంటే వేళ కూడా కలవాలి. వాతావరణ శాఖ ఒక రోజు వాన అంటే ముందు రోజు ఉదయం 8.30 నుంచి ఈ రోజు ఉదయం 8.30 వరకు. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు లెక్క వేసుకుని పేపర్లో వచ్చిన అంకెతో కుదరలేదని చాలా మంది స్టేషన్‌ను అనుమానిస్తారు.

మామకు ఈ కథ అంతా చెప్పాక ఆయన చేసిన పని నాకు నచ్చింది. పైనా కిందా ఒకే వెడల్పు ఉన్న స్టీలు డబ్బా ఒకటి తెచ్చి పైపు పక్కన, దానికి అడ్డం రాకుండా, ఇటుకల మీద కదలకుండా పెట్టాడు. గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఎంత వెడల్పుదైనా ఫరవాలేదు, నిలిచిన నీటి లోతే వాన. రోజూ 8.30 కు స్కేలు పెట్టి చూస్తాడు, నేను కౌంటరు తేడా చెబుతాను. మొదటి పెద్ద వాన రోజు డబ్బాలో 61 మిల్లీమీటర్లు, కౌంటరు లెక్కలో 52.

"నీ గాలి లెక్క తొమ్మిది మింగిందిరా" అన్నాడు.

జోరు వానలో ఇలాంటి తొట్టె కొంత తక్కువ చూపించడం మామూలే. ఒక అర ఒరిగి రెండోది కిందికి వచ్చేలోపు పడిన నీళ్లు లెక్కకు రావు. కానీ సన్న వాన రోజుల్లోనూ అదే పాళ్లలో తేడా వచ్చింది. ఎప్పుడూ ఒకే పాళ్లలో వచ్చే తేడాకు జోరు కారణం కాదు. రసమట్టం తీసుకుని పైపు ఎక్కితే గరాటు పెట్టె పడమటికి వాలి ఉంది. తొట్టె త్రాసు ఒక పక్కకు వాలితే ఒక అర తొందరగానూ ఒకటి ఆలస్యంగానూ ఒరుగుతుంది, లెక్క పాడవుతుంది. గట్టు మట్టి వానకు నాని పైపు కొంచెం ఒరిగింది. పైపు అడుగున సిమెంటు పోసి, నిలువు సరిచేసి, గరాటులో పేరుకున్న కొంగ ఈకలూ మట్టీ తీసేశాం. ఆ తరవాతి వాయుగుండానికి డబ్బాలో 48 మిల్లీమీటర్లు. ఆ ఉదయం నేను తెర మీద చూసిన రీడింగులు 3012, 3169. తేడా 157, అంటే 47.1.

మామ స్కేలు తుడిచి షెడ్డు చూరులో గుచ్చి, మేత బస్తాల వైపు పోయాడు. ఆ పూట రెండు గుంటలకూ మేత సగమే వేశాడు.